ఫ్యాన్ హౌస్ కాడ తిరిగిన కుక్క

గోదావరిఖనిలో ఆ క్వార్టర్ల వెనక సందులో రాత్రి పూట ఎవరూ ఆగరు. బండి చెడిపోయినా సరే, నెట్టుకుంటూ దీపాలున్న రోడ్డు దాకా వచ్చి, అక్కడ బాగుచేసుకుంటారు. ఫోన్ మోగినా ఎత్తరు. దాటిపోయాక ఎత్తుతారు.

సందు చివర పాత బొగ్గుబాయి తాలూకు ఫ్యాన్ హౌస్ ఉంది. భూమి కింద బొగ్గు తవ్వేవాళ్ళకు గాలి ఆడాలి కదా — దానికోసం రాత్రీ పగలూ తిరిగే పెద్ద ఫ్యాను కోసం కట్టిన ఇల్లు. బొగ్గు అయిపోయింది. బాయి మూసేశారు. ఫ్యాను ఆగిపోయింది. గేటుకు వేసిన తాళం తుప్పు పట్టి గేటులో కలిసిపోయింది.

కానీ ఆ ఫ్యాను ఆగలేదంటారు...

దాన్ని కనిపెట్టుకుని ఉండే ఖలాసీ ఒకాయన ఉండేవాడట. ఆయన పేరు ఇప్పుడు ఎవరికీ సరిగా తెలియదు. బాయి మూసిన ఏడాదే జ్వరంతో ఇంట్లోనే పోయాడు. పోయినవాడు పోయినట్టు ఉండక, రాత్రయితే డ్యూటీకి వస్తాడట. ఫ్యాను ఆగితే కింద ఉన్నవాళ్ళకు ఊపిరాడదని ఆయన బాధ. బాయి మూసేశారు కదా, ఇంకా కింద ఎవరున్నారు — అని మాత్రం ఆ కాలనీలో ఎవరినీ అడగకూడదు. అడిగితే ముసలివాళ్ళు మాట మార్చేస్తారు.

ఉపేందర్‌కి ఈ కథ వింటే ఒళ్ళు మంట. ఆయన ఇంకో బాయిలో ఎలక్ట్రీషియన్. "కరెంటు తీగలు ఎన్నడో కోసుకపోయిండ్రు. కరెంటు లేకుంట ఫ్యాను ఎట్ల తిరుగుతది? చెప్పుండ్రి, నేను గూడ నేర్చుకుంట," అని టీ కొట్టు దగ్గర ఎంతమందితో వాదించాడో లెక్కలేదు. వాదించి వాదించి, చల్లారిన టీ తాగి ఇంటికి వచ్చేవాడు.

ఇల్లు చూస్తే క్వార్టర్ల వరసలో చిట్టచివరిది. ఇల్లు దాటితే సందు. సందు దాటితే ఫ్యాన్ హౌస్.

ఇంట్లో ఆయన, భార్య మమత, బంటి. బంటి గోధుమ రంగు కుక్క — ఒక చెవి నిలబడి, ఇంకో చెవి వాలి ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు వానలో తడుస్తుంటే కూతురు దీప ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఆ దీప డిగ్రీ చదవడానికి కరీంనగర్ హాస్టల్‌కి వెళ్తూ, బస్సు ఎక్కేదాకా ఒకటే మాట చెప్పింది.

"బాపూ, దాన్ని కట్టేసి ఉంచకు. రోజూ బయట తిప్పు."

"తిప్పుత తియ్ బిడ్డా."

తిప్పింది లేదు. ఆయనకు షిఫ్టులు. మమతకు కుట్టు మిషను — బంటి వచ్చి కాళ్ళకు చుట్టుకుంటే తొక్కుడుకు అడ్డం. అందుకని పగలంతా వెనక గదిలో గొలుసుతో ఉండేది. రాత్రి ఉపేందర్ సెకండ్ షిఫ్టు దిగి వచ్చే వేళకు మమత గొలుసు విప్పేది. బండి చప్పుడు వినగానే బంటి సందు మలుపు దాకా ఉరికి వచ్చి, బండి ముందర ముందర పరుగెత్తి, ఇంటి దాకా తీసుకొచ్చేది. రోజంతా దానికి దొరికే స్వేచ్ఛ అంతే.

వానాకాలంలో ఒక రాత్రి... ఎదురు రాలేదు.

ఉపేందర్ బండి నెమ్మది చేశాడు. మలుపులో లేదు. సందులో లేదు. ఇంకొంచెం ముందుకు వస్తే — ఫ్యాన్ హౌస్ గేటు ముందు నిలబడి ఉంది.

"బంటీ..."

వాలిన చెవి కూడా కదలలేదు. మెడ చాచి, గేటు ఊచల సందుల్లోంచి లోపలికి చూస్తోంది. కళ్ళు రెప్ప వేయడం లేదు. ఉన్నట్టుండి నోరు తెరిచి గాలిని కొరికింది — అక్కడ ఏదో ఎగురుతున్నట్టు, దాన్ని పట్టబోయినట్టు. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

తర్వాత తిరగడం మొదలుపెట్టింది.

ఉన్నచోటనే, గుండ్రంగా... తన తోకను తాను పట్టుకోవాలన్నట్టు. మొరగదు. మూలగదు. గోళ్ళు నేలను గీరే చప్పుడు ఒక్కటే. తిరిగేకొద్దీ వేగం పెరుగుతోంది. నాలుక బయటికి వచ్చి పక్కకు వేలాడుతోంది. ఉపేందర్ బండి స్టాండు వేసి దగ్గరికి వచ్చేలోపల కాళ్ళు తడబడి పక్కకు ఒరిగిపోయింది.

ఎత్తుకుంటే గుండె దబదబ కొట్టుకుంటోంది — దానిదో, తనదో.

గేటు వైపు ఒకసారి చూశాడు. చీకటి. నిజం చెప్పాలంటే, ఆ రాత్రి ఉపేందర్ అటు ఎక్కువసేపు చూడలేదు.

ఆ ఒక్క రాత్రితో అయిపోయి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ మరుసటి రాత్రి నుంచి అది ఇంట్లోనే మొదలైంది. అర్ధరాత్రి వేళ వెనక గదిలో గొలుసు చప్పుడు... ఘల్లు... ఘల్లు... ఘల్లు... లేచి లైటు వేస్తే, బంటి గోడ ముందు నిలబడి గాలిని కొరుకుతూ, గుండ్రంగా తిరుగుతూ ఉండేది. గొలుసు కాళ్ళకు మెలిపడేది. విప్పి పడుకోబెట్టి వచ్చి కన్ను మూస్తే — మళ్ళీ ఘల్లు.

క్రమంగా తోక దొరకడం మొదలైంది. దొరికిన తోకను కొరికేది. తెల్లారి చూస్తే గది నిండా వెంట్రుకలు, బండల మీద నెత్తురు చుక్కలు.

నిద్ర లేదు. నిద్ర లేకుండా బాయిలో కరెంటు పని అంటే ఆషామాషీ కాదు. ఒకరోజు తీగ కలపబోయి స్విచ్చు తీశానో లేదో గుర్తురాక, పని పక్కవాడికి ఇచ్చి కూర్చున్నాడు. ఇంటికి వచ్చి ఎవరి మీద విరుచుకుపడాలో తెలియక, అన్నం సల్లగుందని మమత మీద విరుచుకుపడ్డాడు.

ఎదురింటి పోశవ్వకు సంగతి తెలిసింది. ఆమె భర్త కూడా ఆ పాత బాయిలోనే పనిచేసి, ఈ మధ్యనే పోయాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బంటి తిరగడం నిదానంగా చూసింది. బయటికి వచ్చి గుసగుసగా అంది —

"ఫ్యాను ఎటు తిరిగేదో, ఇది గూడ గటే తిరుగుతాంది బిడ్డా."

"ఫ్యాను ఎటు తిరిగేదో నీకెట్ల తెలుసవ్వా?"

"మా ఆయన చెప్పిండు."

"ఎన్నడు చెప్పిండు?"

"మొన్న... కలల."

ఉపేందర్ నెత్తి కొట్టుకున్నాడు. కానీ ఆ మాట సాయంత్రానికల్లా కాలనీ అంతా పాకింది. కుక్కకు ఫ్యాన్ ఖలాసీ పట్టాడని, ఆయన కిందవాళ్ళకు గాలి పంపడానికి కుక్కను తిప్పుతున్నాడని ఒకటికి పది కలిపి చెప్పుకున్నారు. ఎవరో కిటికీలోంచి వీడియో తీసి, కింద 'దయ్యం పట్టిన కుక్క — గుండె ధైర్యం ఉంటేనే చూడండి' అని రాసి వాట్సాప్‌లో వదిలారు. ఇక రాత్రయితే గుంపు. కిటికీ దగ్గర ఒకరి మీద ఒకరు పడి, ఫోన్ టార్చీలు వేసి చూడ్డమే. ఆ వెలుతురు పడేకొద్దీ బంటి ఇంకా ఎక్కువ తిరిగేది.

"మీ ఇండ్లల్ల టీవీలు లేవా? పోండ్రి ఇక్కడికెళ్లి!" అని ఉపేందర్ కర్ర పట్టుకుని అరిస్తే, పదడుగులు వెనక్కి పోయి మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఆ వారంలోనే దీప ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"బాపూ... హాస్టల్ల అందరు ఒక వీడియో చూస్తాండ్రు. గది మన బంటేనా?"

ఏం చెప్తాడు? "మంచిగనే ఉన్నది బిడ్డా, జర జ్వరమొచ్చింది," అని పెట్టేశాడు.

మమత మంచిర్యాల నుంచి ఒక మంత్రగాడిని పిలిపించింది. ఆయన వెనక గదిలో ముగ్గు వేసి, నిమ్మకాయలు కోసి, సాంబ్రాణి పొగ పెట్టి పోయాడు. ఆ పొగకు బంటి దగ్గి దగ్గి కక్కుకుంది. రాత్రికి, కోసిన నిమ్మకాయ చుట్టూరా తిరిగింది.

ఆ తెల్లవారుజామున ఉపేందర్‌కి ఓపిక చచ్చిపోయింది. నడుముకున్న బెల్టు తీశాడు. "ఆపుతవా లేదా? ఎందుకు తిరుగుతానవే? ఏం కావాలె నీకు? నోరు లేకపాయె... ఏమనుకోవాలె నేను!" అని చెయ్యి ఎత్తాడు. బంటి ఆగింది. ఆయన వైపు చూసి, నెత్తురు కారుతున్న తోకను మెల్లగా ఊపింది. ఊపి — మళ్ళీ తిరిగింది.

బెల్టు చేతిలోంచి జారిపోయింది. అట్లనే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

పొద్దున్నే బంటిని ఆటోలో వేసుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె పేరు హాసిని. వాళ్ళ నాన్నది గోదావరి జిల్లా, జ్యోతినగర్‌లో పవర్ ప్లాంటు ఉద్యోగం. ఆమె పుట్టి పెరిగిందంతా ఇక్కడే. తోకకు మందు పూసి కట్టు కట్టింది. కొరుక్కోకుండా మెడకు ప్లాస్టిక్ గరాటా లాంటిది తొడిగింది. చెవుల్లోకి, కళ్ళలోకి లైటు వేసి చూసింది. తర్వాత అడగడం మొదలుపెట్టింది.

"ఏ వేళకి మొదలుపెడుతుంది? ఒకేచోటా, ఎక్కడపడితే అక్కడా? తిరిగేటప్పుడు పేరు పెట్టి పిలిస్తే వస్తుందా?"

"ఒక్కొక్కసారి ఆగి చూస్తది మేడం. మళ్ళ మొదలువెడతది."

"పడిపోయినప్పుడు కాళ్ళు కొట్టుకోవడం, నోట్లోంచి నురగ రావడం?"

"లేదు. అలిసిపోయి పడ్డట్టే పడతది."

"అయితే ఫిట్స్ కాకపోవచ్చు. ఫిట్స్ అయితే పిలిచినా తెలీదు." ఆమె బంటి వాలిన చెవి నిమురుతూ అంది. "కుక్కలు ఊరికే తిరగవండీ. కొన్నింటికి దురద ఉంటుంది, కొన్నింటికి నొప్పి ఉంటుంది. కొన్ని ఏదో చూసి మొదలుపెడతాయి — ఒక వెలుగో, ఒక నీడో. దాన్ని పట్టుకోవాలని చూస్తాయి, అది దొరకదు. దొరకనిదాని వెంట పడీ పడీ అదే అలవాటైపోతుంది. పగలంతా కట్టేసి ఉంచితే, ఆ అలవాటు ఇంకా గట్టిపడుతుంది. కొట్టారా?"

ఉపేందర్ తల వంచుకున్నాడు. "చెయ్యి లేపిన. కొట్టలే."

"కొట్టకండి. భయపడితే ఇంకా తిరుగుతుంది. అది ఏం చూస్తోందో తెలుసుకోండి. మీ ఎత్తులో నిలబడి కాదు — దాని ఎత్తులో కూర్చుని చూడండి."

ఆ మాట ఆయనకు నచ్చింది. కానీ ఇంటికి వచ్చేసరికి ఇల్లు ఉడుకుతోంది. మమత బట్టలు సర్దుకుని కూర్చుంది.

"ఏమయ్యా, నేను చెప్తే ఇనవు. బట్టలు కుట్టిచ్చుకోను ఒక్కరు గూడ వస్తలేరు. దయ్యం కొంపట మనది! ఈ ఇంట్ల కుక్కన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

"గది రోగం మమతా. డాక్టరమ్మ చెప్పింది..."

"రోగమైతే గోడను చూసుకుంట ఎందుకు కొరుకుతది? గా గదెనుక ఏమున్నదో నీకెరుక లేదా?"

మళ్ళీ ఫ్యానే. ఎటు తిరిగినా ఫ్యానే. ఉపేందర్ బండి తాళం తీసుకున్నాడు. బంటిని బండి ముందర కూర్చోబెట్టుకుని, గోదావరి బ్రిడ్జి దాటి, నస్పూర్‌లో ఉండే బావమరిది మొగిలి ఇంటికి తీసుకుపోయాడు. దారి పొడుగునా బంటి మెడ గరాటాలోంచే గాలికి ముఖం పెట్టి, సంబరంగా చూసింది — ఎక్కడికో తిప్పడానికి తీసుకుపోతున్నాడనుకుంది. వదిలి వస్తుంటే గేటు దాకా వచ్చి నిలబడింది. ఉపేందర్ వెనక్కి చూడకుండా బండి స్టార్ట్ చేశాడు.

మరుసటి పొద్దున మొగిలి ఫోన్.

"బావా, కుక్కకేమైందన్నవు? రాత్రంత గుర్రు పెట్టి పండుకున్నది."

ఆ రాత్రీ అంతే. ఆ తర్వాతా అంతే. తిరగడం లేదు, కొరకడం లేదు. మొగిలి పిల్లలతో బంతి ఆడుతోంది.

ఉపేందర్‌కి ప్రాణం లేచి వచ్చింది. "సూసిండ్రా? కుక్కకేం కాలే!" అని వాకిట్లోనే గట్టిగా చెప్పాడు. పోశవ్వ తల ఊపింది.

"నేను గదే అంటాన బిడ్డా. ఏరు దాటినంక ఖలాసీ ఇడిచిపెట్టిండు. దయ్యాలు ఏరు దాటయి."

కుక్క తిరిగితే దయ్యమే. తిరగకపోయినా దయ్యమే! ఈ మనుషులకు ఏం చూపించి, ఏం చెప్పి ఒప్పించాలి? కోపంతో ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆ కోపంలోనే ఒక సంగతి తట్టింది. కుక్కలో రోగం లేదంటే... ఆ గదిలో ఏదో ఉంది.

ఆదివారం సెలవు చూసుకుని బంటిని తిరిగి తెచ్చాడు. మమతను ఆ ఒక్క రాత్రికి పోశవ్వ ఇంట్లో పడుకోమన్నాడు. ఇంట్లో లైట్లన్నీ ఆర్పాడు. వెనక గదిలో బంటి పక్కనే బండల మీద చాప పరుచుకుని, దాని మెడ గరాటా తీసి, తల దాని తలకు ఆనేంత దగ్గరగా పడుకున్నాడు.

చీకటి. గోడ అవతల కీచురాళ్ళు. బంటి ఊపిరి వెచ్చగా చెంపకు తగులుతోంది.

చాలాసేపు ఏమీ లేదు. కన్ను మూతపడబోతోంది...

బంటి ఊపిరి ఆగింది.

వాలిన చెవి మెల్లగా నిక్కింది. ఉపేందర్ తల తిప్పకుండా, అది చూస్తున్నవైపే చూశాడు. గోడ అడుగున, నేలకు జానెడు ఎత్తులో — నిలబడి చూసేవాడికి బియ్యం డ్రమ్ము అడ్డం వచ్చేచోట — గుండ్రంగా ఒక మసక వెలుగు పడి ఉంది. పళ్ళెమంత. దాని లోపల...

నల్లటి రెక్కలు తిరుగుతున్నాయి.

చప్పుడు లేదు. గాలి లేదు. నిదానంగా, ఒకదాని వెనక ఒకటి... రెక్క... వెలుగు... రెక్క... వెలుగు...

ఉపేందర్‌కి ఇన్నాళ్ళు టీ కొట్టు దగ్గర తాను అన్న మాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. వెలుగు గోడ మీద పాకి, మాయమైంది. బంటి గాలిని కొరికింది. లేచి తిరగబోయింది.

"బంటీ..." మళ్ళీ పిలిచాడు. "బంటీ, ఇటు రా."

బంటి ఆగింది. వణుకుతూ వచ్చి ఒళ్ళో తల పెట్టింది. దాని వణుకు తగిలాక ఆయన వణుకు కొంచెం తగ్గింది. పాపం, దీనికి రోజూ ఇదే... ఒక్కతే...

గొలుసు పట్టుకుని బయటికి నడిచాడు. సందులోకి వచ్చి, ఫ్యాన్ హౌస్ గేటు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు — బంటి ఎత్తుకు. ఊచల సందుల్లోంచి చూస్తే లోపలి గోడకు ఫ్యాను కోసం పెట్టిన పెద్ద గుండ్రటి కంత, చీకట్లో చీకటిలా. పారిపోవాలని కాళ్ళు లాగుతున్నాయి. పోలేదు. ఇవాళ పోతే ఇక బతుకంతా పోవడమే అనుకున్నాడు.

ఉన్నట్టుండి ఆ కంతలోంచి వెలుగు వచ్చింది. గేటు లోపలి నేల మీద చక్రం పరుచుకుంది. రెక్కలు తిరిగాయి...

ఉపేందర్ పళ్ళు బిగబట్టి తల పైకెత్తాడు. నేలను కాదు, వెలుగు వచ్చేవైపు చూశాడు.

ఫ్యాన్ హౌస్ వెనక, చాలా దూరాన, ఓపెన్‌కాస్టు గనిలోంచి తవ్విపోసిన మట్టి గుట్ట. పోయిన ఏడాది దాకా తాటిచెట్టంత ఉండేది, ఈ వానాకాలానికి కొండంత ఎదిగింది. దాని కొమ్ము మీద ఒక డంపర్ లారీ మట్టి పోసుకుని మలుపు తిరుగుతోంది. దాని హెడ్‌లైట్లు గుట్ట మీది నుంచి కిందికి ఒక్క చుట్టు చుట్టి, ఆ కంతలోంచి దూరి, కొంత నేల మీద పడి, కొంత తన ఇంటి వెనక గది వెంటిలేటర్‌లోకి పోతున్నాయి. డంపర్ మలుపు దాటింది. వెలుగు ఆరిపోయింది. చక్రం ఆగిపోయింది.

వెనక ఇంకో డంపర్. మళ్ళీ వెలుగు. మళ్ళీ చక్రం.

"లారీ లైటు..." అన్నాడు ఉపేందర్. "నీ యవ్వ... లారీ లైటు!"

తిరిగేది లైటు. కంతలోని పాత ఫ్యాను కదలని రెక్కల నీడ, లైటుతో పాటు కదిలి తిరిగినట్టు కనబడుతోంది. అంతే. గుట్ట ఎదిగి, దారి పైకి పోయినప్పటి నుంచే ఈ తంటా. ఆయన ఆ సందులో కూలబడి, బంటి మెడ పట్టుకుని పగలబడి నవ్వాడు. నవ్వుతుంటేనే ఏడుపు వచ్చింది.

అప్పటికప్పుడు పోశవ్వ తలుపు కొట్టాడు. మమతను, పోశవ్వను, చప్పుడుకు లేచిన పక్కింటివాళ్ళను గేటు దగ్గరికి తీసుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి చూపించాడు. చక్రం తిరిగినప్పుడు ఒకరినొకరు పట్టుకుని కేక పెట్టారు. డంపర్‌ను చూపించాక చప్పబడ్డారు. ఇద్దరు ముగ్గురు నవ్వుకున్నారు. పోశవ్వకు మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టు ముఖం వాడిపోయింది.

మమత ఇంటికి వచ్చి, వెంటిలేటర్‌కి గోనె సంచి అడ్డం కట్టింది. బంటి పక్కన కూర్చుని దాని తోక కట్టు విప్పి, మళ్ళీ కట్టింది.

వెలుగు పోయినా అలవాటు వెంటనే పోలేదు. హాసిని చెప్పినట్టే, కొన్నాళ్ళు బంటి ఉత్త గోడను చూసి కూడా తిరిగేది. గొలుసు తీసేశారు. తిరగబోతే మమత మిషను దగ్గర నుంచే పిలిచి, ఏదో ఒకటి నోటికిచ్చి మరిపించేది. ఉపేందర్ రోజూ పొద్దున కెనాల్ గట్టు దాకా నడిపించేవాడు. మెల్లమెల్లగా తగ్గింది. తోక మీద వెంట్రుకలు మొలిచాయి. సెలవులకు వచ్చిన దీప మీదికి దూకి, ఆమె చున్నీ చింపింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ దాన్ని కసరలేదు.

ఉపేందర్‌కి ఒక్కటే మిగిలింది. గోనె సంచి ఎన్నాళ్ళు ఆగుతుంది? ఆ కంతనే మూసేస్తే పీడ పోతుంది కదా అని, ఒక మధ్యాహ్నం పాత రేకు, కట్టు తీగ తీసుకుని ఫ్యాన్ హౌస్‌కి పోయాడు. మండే ఎండ. పక్క గోడ కూలినచోట నుంచి లోపలికి దిగాడు. పిచ్చి తుమ్మలు తప్పించుకుంటూ కంత దగ్గరికి వచ్చి, రేకు ఎత్తి పట్టాడు.

పట్టినవాడు అట్లే ఆగిపోయాడు.

గుండ్రటి కంత. అటువైపు ఆకాశం, దూరాన మట్టి గుట్ట... స్పష్టంగా, ఏ అడ్డమూ లేకుండా కనబడుతున్నాయి. చెయ్యి లోపలికి పెట్టాడు. భుజం దాకా పోయింది. దేనికీ తగల్లేదు.

రెక్క లేదు. ఇరుసు లేదు. ఊచ లేదు. ఫ్యాను బిగించిన చోట కోసేసిన బోల్టు మొదళ్ళు నాలుగు దిక్కులా మిగిలి ఉన్నాయి. వాటి మీద తుప్పు పొరలు పొరలుగా పేరుకుంది, ఆ తుప్పు మీద నాచు పట్టి ఎండిపోయింది. ఫ్యానును తీసుకుపోయి ఎన్నేళ్ళయిందో. చుట్టూ తిరిగి చూశాడు. పైకి చూశాడు. నీడ పడడానికి చెట్టు కొమ్మ కూడా లేదు.

లైటు లారీదే. తన కళ్ళతో తాను చూశాడు. ఊరందరూ చూశారు.

మరి ఆ రెక్కలు...

ఎండలో ఒళ్ళంతా చెమట పట్టి, ఆ చెమట చల్లబడింది. చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే, లోపలి నుంచి వేళ్ళ మీదికి మెత్తగా, వరసగా గాలి కొట్టింది. బయట ఆకు కదలడం లేదు.

రేకు అక్కడే వదిలేసి వచ్చాడు. ఇంటికి వచ్చేసరికి మమత గుమ్మంలో దారం ఎక్కిస్తూ తలెత్తింది.

"మూసినవా?"

"ఊఁ."

"లోపల ఫ్యాను ఇంక గట్లనే ఉన్నదా?"

అబద్ధం చెప్పడం సరిగా రాని మనిషి. బంటి వచ్చి ఆయన చేతివేళ్ళను వాసన చూసింది. చూసి, రెండడుగులు వెనక్కి పోయి నిలబడింది.

"ఉన్నది," అన్నాడు ఉపేందర్. "తుప్పు పట్టి... గట్లనే ఉన్నది."